మొదట పనిచేసిన కీమో తర్వాత ఎందుకు పనిచేయదు? పత్తి చేను చెప్పే జవాబు

"మొదట్లో కీమోకి గడ్డ బాగా కరిగింది, ఇప్పుడు అదే మందు పనిచేయట్లేదంట." ఈ మాట మనలో చాలామంది వినే ఉంటాం. ఎందుకలా?

మీది గుంటూరో, ప్రకాశమో అయితే ఇంట్లో పెద్దవాళ్లని 1987-88 పత్తి సీజన్ గురించి అడగండి. అంతకుముందు పైరిత్రాయిడ్ మందులు కొడితే పురుగు టపటపా రాలిపోయేది. ఆ ఏడు ఎన్నిసార్లు కొట్టినా శనగపచ్చ పురుగు చావలేదు. తెల్లదోమ కూడా తోడైంది. పంట పోయి, అప్పులు మిగిలి, ఎంతోమంది రైతులు ప్రాణాలు తీసుకున్నారు.

పురుగు మందుకి అలవాటు పడిందంటాం కదా? అసలు జరిగేది వేరు. లక్షల పురుగుల్లో మందుని తట్టుకునేవి ఏవో కొన్ని ముందే ఉంటాయి. మిగతావి చస్తే చేనంతా వీటిదే. తర్వాత పుట్టేది వీటి సంతానమే.

క్యాన్సర్ గడ్డలో కూడా కోట్ల కణాలుంటాయి, అన్నీ ఒకేలా ఉండవు. కొన్ని లోపలికొచ్చిన మందుని పంపుతో తోడినట్టు బయటికి తోసేస్తాయి. కొన్ని మందు చేసిన డ్యామేజీని రిపేర్ చేసుకుంటాయి. ట్రీట్‌మెంట్ నడుస్తుండగా మారిపోయే కణాలూ ఉన్నాయి.

మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి టీమ్ అమెరికాలో అమినోప్టెరిన్ తయారుచేసింది. బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ దాన్ని బ్లడ్ క్యాన్సర్ ఉన్న పిల్లలకిచ్చి, 1948లో ఫలితాలు ప్రకటించారు. 16 మందిలో 10 మందికి జబ్బు తగ్గింది. కానీ కొన్ని నెలలే, మళ్లీ తిరగబెట్టింది. దాని తర్వాత వచ్చిన మెథోట్రెక్సేట్‌దీ అదే గొడవ. అది ఒక ఎంజైమ్‌ని అడ్డుకుంటుంది. కొన్ని కణాలు ఆ ఎంజైమ్ జీన్‌కి బోలెడు కాపీలు చేసుకుని, మందు సరిపోనంత ఎంజైమ్ తయారుచేస్తాయి.

మరి దారేంటి? 1960లలో డాక్టర్లు వేర్వేరు రకాలుగా దెబ్బకొట్టే మందుల్ని కలిపి ఇవ్వడం మొదలుపెట్టారు. ఒకదాన్ని తప్పించుకున్న కణం ఇంకోదానికి దొరుకుతుంది. ఇవాళ మంచి ట్రీట్‌మెంట్ అందితే ఆ జబ్బున్న పిల్లల్లో ఎక్కువమంది బతుకుతున్నారు. చేలో కూడా మందులు కలిపి కొట్టమని కాదండోయ్, పోలిక ఇక్కడితో సరి!

గుర్తుంచుకోవాల్సింది రెండే. గడ్డ తగ్గింది కదా అని కీమో మధ్యలో ఆపొద్దు. మిగిలిన కాసిని కణాలే అసలు ప్రమాదం. వాంతులు, నీరసం తట్టుకోలేకపోతే డాక్టర్‌కి చెప్పండి, వాటికీ మందులున్నాయి. రెండోది, మందు పనిచేయకపోతే అది పేషెంట్ తప్పు కాదు. ఇంకే మందులున్నాయో అడగండి.

ఇంట్లో ఎవరికైనా కీమో నడుస్తుంటే ఈ ఎపిసోడ్ వాళ్లకి వినిపించండి. మళ్లీ కలుద్దాం!