ఆల్ఫా ఫీటోప్రోటీన్ పరీక్ష

ఆల్ఫా ఫీటోప్రోటీన్ గర్భస్థ శిశువు కాలేయంలోను, సొనసంచిలోను తయారయ్యే ఒక మాంసకృత్తు. పుట్టిన తరువాత రక్తంలో దీని పరిమాణం బాగా తగ్గిపోతుంది. కాలేయ క్యాన్సరు వచ్చిన పెద్దలలో చాలామందికి ఇది మళ్ళీ పెరుగుతుంది. అందువలన దీనిని ఆ వ్యాధికి జీవసూచికగా వాడుతారు.

చరిత్ర

1963లో సోవియట్ శాస్త్రవేత్త గారీ అబెలెవ్ కాలేయ కంతులున్న ఎలుకలలో దీనిని గుర్తించాడు. 1964లో యూరి తతారినోవ్ కాలేయ క్యాన్సరు రోగుల రక్తంలో కనుగొన్నాడు.

నమూనా భద్రత

సిర నుండి తీసిన రక్తాన్ని సుమారు అరగంట గడ్డకట్టనిచ్చి, సెంట్రిఫ్యూజ్ యంత్రంలో తిప్పి సీరమును వేరుచేస్తారు. పరిశోధనకు దాచే సీరమును చిన్న గొట్టాలలో పంచి -80 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉంచుతారు. ఒకే నమూనాను పలుమార్లు కరిగించి తిరిగి ఘనీభవింపజేస్తే మాంసకృత్తులు చెడిపోవచ్చు. ఇలా పంచడం అందుకే. జహీరాబాదు వంటి పట్టణం నుండి హైదరాబాదు ప్రయోగశాలకు పంపవలసినపుడు సీరమును ముందే వేరుచేసి, చల్లని పెట్టెలో పంపడం మేలు. గొట్టంపై సంకేతసంఖ్య, తేదీ లేకపోతే ఆ రక్తం ఎవరిదో తెలియదు, ఫలితం వ్యర్థమవుతుంది.

ఫలితం

పెద్దలలో ఇది సాధారణంగా మిల్లీలీటరుకు 10 నానోగ్రాముల లోపు ఉంటుంది. కాలేయ వ్యాధిగ్రస్తులలో 400 దాటితే క్యాన్సరును బలంగా అనుమానిస్తారు. అయితే గర్భధారణ, హెపటైటిస్, కొన్ని వృషణ కంతుల వలన కూడా ఇది పెరుగుతుంది. కొందరు క్యాన్సరు రోగులలో అసలు పెరగదు. కాబట్టి ఈ అంకె ఒక్కటే చూసి భయపడరాదు, నిశ్చింతగానూ ఉండరాదు. సిరోసిస్ ఉన్నవారికి 6 నెలలకొకసారి అల్ట్రాసౌండుతో పాటు ఈ పరీక్ష చేస్తారు.

నివారణ

కాలేయ క్యాన్సరుకు హెపటైటిస్-బి ఒక ప్రధాన కారణం. దానికి భారతదేశంలో రీకాంబినెంట్ పద్ధతిలో తయారైన మొదటి టీకా శాన్‌వాక్-బి. దీనిని హైదరాబాదుకు చెందిన శాంతా బయోటెక్నిక్స్ 1997లో విడుదల చేసింది.