రెండో చెయ్యి ఖాళీగా లేనప్పుడు

1958 ఆగస్టు 12న అమెరికాలో ఒక చట్టం ఆమోదం పొందింది. బటన్ నొక్కితే స్ప్రింగుతో తెరుచుకునే కత్తులను ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి వ్యాపారంగా పంపడాన్ని అది నిషేధించింది. ఆ చట్టంలో కొన్ని మినహాయింపులున్నాయి. సైన్యానికి ఒకటి. ఇంకొకటి, ఒక్క చెయ్యే ఉన్న మనిషికి. అతను మూడంగుళాలకు మించని బ్లేడున్న బటన్ కత్తిని వెంట పెట్టుకోవచ్చు.

ఈ యంత్రం ఎందుకు పుట్టిందో చెప్పడానికి ఆ రెండో మినహాయింపు చాలు. మామూలు మడత కత్తిని తెరవాలంటే ఒక చేత్తో పిడి పట్టుకోవాలి, రెండో చేతి గోటిని బ్లేడు మీదున్న గాడిలో పెట్టి లాగాలి. రెండో చెయ్యి లేకపోయినా, ఉండి దేన్నో గట్టిగా పట్టుకుని ఉన్నా, ఆ కత్తి జేబులోని ఇనుప ముక్కే. ఆటోమేటిక్ కత్తిని ఎంచుకోవాలనుకునేవారు స్టీలు గురించో బ్రాండు గురించో అడిగే ముందు ఈ సంగతి ఆలోచించాలి: నేను కత్తి వాడే సమయంలో నా రెండో చెయ్యి ఏం చేస్తూ ఉంటుంది?

స్ప్రింగు కత్తులు యూరప్‌లో పద్దెనిమిదో శతాబ్దం నుంచే ఉన్నాయి. వాటిని చేతిపని స్థాయి నుంచి ఫ్యాక్టరీ సరుకుగా మార్చినవారిలో ముఖ్యుడు న్యూయార్క్ రాష్ట్రానికి చెందిన జార్జ్ ష్రేడ్. ఆయన బటన్ కత్తికి 1892లో పేటెంటు వచ్చింది. అందులో బ్లేడు మడత కత్తిలో లాగే పక్క నుంచి తిరుగుతూ తెరుచుకుంటుంది. మడిచినప్పుడల్లా లోపలి స్ప్రింగు బిగుసుకుంటుంది, బటన్ నొక్కగానే ఆ బిగువు విడుదలవుతుంది. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా పారాచూట్ సైనికులకిచ్చిన ఎం2 కత్తి ఆ వంశానిదే. పారాచూట్ తాళ్లు చెట్టుకొమ్మకు చిక్కి, ఒక చెయ్యి తాళ్లలో ఇరుక్కుపోయి వేలాడే మనిషికి మిగిలేది ఒక్క చెయ్యే. జర్మన్లు అదే అవసరానికి 1937 నుంచి వేరే దారి పట్టారు. వాళ్ల కత్తిలో స్ప్రింగు బ్లేడును తొయ్యదు. పిడిని కిందికి వంచి మీట నొక్కితే బ్లేడు తన బరువుకే ముందు మూతి నుంచి జారి బయటికి వస్తుంది, మీట వదలగానే బిగుసుకుంటుంది. పక్కకు తిరగకుండా నేరుగా ముందుకు వచ్చే కత్తుల్లో పేరు పొందినవాటిలో అదొకటి.

జగ్గయ్యపేట, నందిగామ పల్లెల్లో ఈ సమస్యను రోజూ ఎదుర్కొనే మనిషి ఒకరున్నారు. తాటిచెట్టెక్కిన గీత కార్మికుడు. మోకు మీద బరువాన్ని ఆనించి, ఒక చేత్తో గెలను పట్టుకుని, రెండో చేత్తో దాని కొసను పల్చగా చెక్కుతాడు. పారాచూట్ సైనికుడికి ఏ మాత్రం తీసిపోని ఎత్తు, ఏ మాత్రం తీసిపోని ప్రమాదం. అయినా అతని దగ్గర బటనూ లేదు, స్ప్రింగూ లేదు. నడుముకు కట్టుకున్న పొదిలో తెరిచే పనే లేని నిలువు కత్తి ఉంటుంది. చెయ్యి వెనక్కి పోతే పిడి దొరుకుతుంది, లాగితే పని మొదలు. ఒంటి చేతి సమస్యకు ఇంతకంటే నమ్మకమైన పరిష్కారం ఇప్పటికీ ఎవరూ కనిపెట్టలేదని నా అభిప్రాయం. అది జేబులో పట్టదు, అంతే లోటు. ఆ ఒక్క లోటును తీర్చడానికే ఇంజనీర్లు వందేళ్లకు పైగా కష్టపడ్డారు.

ఆ కష్టం పరాకాష్ఠకు చేరింది రెండు వైపులా పనిచేసే ముందుమూతి కత్తిలో. మీటను ముందుకు తోస్తే బ్లేడు బయటికి దూకుతుంది, వెనక్కి లాగితే లోపలికి దూకుతుంది. అదే మీట, అదే వేలు. లోపల ఏం జరుగుతోందో చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది.

పిడిలో నిలువునా ఒక సన్నటి కాలువ ఉంటుంది. బ్లేడు జారేది అందులోనే. దాన్ని ఆనుకుని ఒక చుట్ల స్ప్రింగు, స్ప్రింగు రెండు కొనలకూ చిన్న కొక్కేలు. బ్లేడు లోపలున్నప్పుడు ఒక గడియ దాని తోకను పట్టి ఉంచుతుంది. బొటనవేలితో మీటను ముందుకు తోస్తే స్ప్రింగు ముందు కొన మీటతో పాటు కదులుతుంది, వెనక కొన మాత్రం బ్లేడు తోకకు తగులుకుని అక్కడే ఆగుతుంది. స్ప్రింగు సాగుతుంది. వేలికి బరువు పెరుగుతూ తెలుస్తుంది. మీట ఇంకొంచెం ముందుకు పోయేసరికి దాని వాలు అంచు గడియను పక్కకు నెడుతుంది. పట్టు తప్పిన బ్లేడును స్ప్రింగు ముడుచుకుంటూ ముందుకు ఈడుస్తుంది. ఆ ఈడ్పు పొడవు ఒక సెంటీమీటరు, మహా అయితే రెండు. స్ప్రింగు పని అక్కడితో సరి. మిగిలిన దారంతా బ్లేడు తనకొచ్చిన వేగంతోనే పోతుంది, క్యారమ్స్‌లో వేలు వదిలేశాక స్ట్రైకర్ పోయినట్టు. చివర్లో ముందువైపు గడియ దాన్ని పట్టుకుంటుంది. లోపలికి లాగేటప్పుడూ ఇదే వరుస, దిక్కు మారుతుందంతే.

చిన్న లెక్క వేద్దాం. స్ప్రింగు నిండుగా సాగినప్పుడు నాలుగు కిలోల బరువంత లాగుతోందనీ, సాగిన దూరం ఒక సెంటీమీటరనీ అనుకుందాం. సున్నా నుంచి పెరుగుతూ వచ్చింది కాబట్టి సగటు బలం అందులో సగం, అంటే సుమారు 20 న్యూటన్లు. నిల్వైన శక్తి 0.2 జౌళ్లు. 200 గ్రాముల బరువును పది సెంటీమీటర్లు పైకెత్తడానికి కావలసినంత, అంతకు మించి లేదు. బ్లేడు బరువు 20 గ్రాములై, సగం శక్తిని రాపిడి తినేసిందనుకున్నా, దాని వేగం సెకనుకు మూడు మీటర్లు దాటుతుంది. ఎనిమిది సెంటీమీటర్ల బ్లేడు సెకనులో నలభయ్యో వంతులో బయటికి వచ్చేస్తుంది. కన్ను ఆ కదలికను పట్టుకోలేదు, చెవికి టప్పుమనే శబ్దం మాత్రం అందుతుంది.

ఈ లెక్కలో రెండు సత్యాలున్నాయి. ఒకటి, ఇందులో స్ప్రింగు మూసినప్పుడూ తెరిచినప్పుడూ దాదాపు విశ్రాంతిగానే ఉంటుంది. శక్తిని ప్రతిసారీ బొటనవేలే కొత్తగా పోస్తుంది. ష్రేడ్ కత్తిలోలా బిగించిన స్ప్రింగు జేబులో ఎదురుచూస్తూ కూర్చోదు కాబట్టి తనంతట తాను తెరుచుకునే భయం తక్కువ. రెండోది, సినిమాల్లో చూపించినట్టు బటన్ నొక్కగానే బ్లేడు ఎదుటి వస్తువులోకి చొచ్చుకుపోవడం ఈ రకంలో జరిగే పని కాదు. దారిలో ఏదైనా గట్టిగా తగిలితే బ్లేడు మధ్యలో ఆగి, ఏ గడియకూ చిక్కకుండా వదులుగా ఆడుతుంది. అప్పుడు బ్లేడును పక్కల నుంచి జాగ్రత్తగా పట్టి, గడియ శబ్దం వచ్చేదాకా బయటికి లాగి దారిలో పెట్టాలి. 1950లలో అమెరికా పత్రికలూ సినిమాలూ రేపిన భయం చూస్తే ఇది ఆయుధాలన్నిటికీ రాజనిపిస్తుంది. లోపలి లెక్క చూస్తే ఇది చాలా నాజూకైన యంత్రమని తెలుస్తుంది.

ఆ నాజూకుతనమే మన ప్రాంతంలో పెద్ద చిక్కు. ముందుమూతి కత్తికి పేరుకు తగ్గట్టు మూతి ఎప్పుడూ తెరిచే ఉంటుంది. జగ్గయ్యపేట చుట్టూ సున్నపురాయి గనులు, జయంతిపురంలోనూ ముక్త్యాలలోనూ సిమెంటు ఫ్యాక్టరీలు. నందిగామ వైపు వస్తే పత్తి. సీజన్లో జిన్నింగు మిల్లు దగ్గర గాలిలోనే నూగు తేలుతుంది. వేసవిలో మిర్చి కల్లాల ఘాటు సరేసరి. ఈ దుమ్మూ నూగూ జేబు అడుగున చేరి, అక్కడి నుంచి కత్తి కాలువలోకి దిగుతాయి. 0.2 జౌళ్ల శక్తితో నడిచే బ్లేడుకు కొంచెం రాపిడి పెరిగినా చాలు, చివరి గడియ దాకా చేరదు. నూనె వేస్తే బాగుపడుతుందని చాలామంది అనుకుంటారు. నూనె సిమెంటు దుమ్మును పట్టి ముద్ద చేస్తుంది, కత్తి ఇంకా మొండికేస్తుంది. వేస్తే పల్చటి నూనె ఒకే చుక్క వెయ్యాలి, అదీ కాలువను గాలి కొట్టి శుభ్రం చేశాక.

అందుకే చెబుతున్నాను, రోజూ జేబులో వేసుకుని పనికి వాడుకోవడానికి ఇది మన నేలకు తగిన కత్తి కాదు. మన దగ్గర పనిచేసే కత్తి ఇంకో రకం స్ప్రింగు నుంచి వస్తుంది. విజయవాడ, హైదరాబాద్ మధ్య 65వ నంబరు జాతీయ రహదారి మీద తిరిగి తిరిగి అలసిన లారీల కమాను పట్టీలు పాత ఇనుముగా మారి కమ్మరి కొలిమికి చేరతాయి. కొంత కార్బన్, దానితో సిలికానో మాంగనీసో క్రోమియమో కలిసిన స్టీలు అది, వేల కిలోల బరువు కింద వంగి మళ్లీ నిటారయ్యేందుకు తయారైంది. దాన్ని ఎర్రగా కాల్చి, సాగగొట్టి, నూనెలో ముంచి, మళ్లీ సన్నని వేడి చూపిస్తే పదును నిలిచే, విరగని కత్తి అవుతుంది. ఖరీదైన విదేశీ కత్తిలో స్ప్రింగు బ్లేడును నడుపుతుంది. మన కొలిమిలో స్ప్రింగే బ్లేడు అవుతుంది. తుప్పు పడుతుంది, నిజమే, పచ్చిమామిడికాయ కోసి తుడవకపోతే మర్నాటికి నల్లబడుతుంది. కానీ దుమ్ముకు లొంగదు.

ముందుమూతి నుంచి వచ్చే బ్లేడు మాత్రం మన బజారులోకి ఎప్పుడో వచ్చేసింది, ఇంకో రూపంలో. 1956లో జపాన్‌లోని ఒసాకాలో, అచ్చుపనిలో కాగితాలు కోసే యోషియో ఒకాడా ఒక ఉపాయం కనిపెట్టాడు. బ్లేడు మొన మొద్దుబారుతుంది కానీ మిగతా అంచు కొత్తగానే ఉంటుంది, మరి మొత్తం పారెయ్యడం ఎందుకు? పగిలిన గాజుపెంకు అంచు పదునుగా ఉండటం, చాక్లెట్ బిళ్ల గీతల వెంట ముక్కలుగా విరగడం ఆయనకు దారి చూపాయి. బ్లేడు మీద ఏటవాలు గీతలు కొట్టి, మొద్దుబారిన ముక్కను విరిచేసి, తర్వాతి ముక్కను ముందుకు తోసే కట్టర్ అలా పుట్టింది. ఇవాళ ఎరువుల కొట్లో, కొరియర్ ఆఫీసులో, మందుల షాపులో కౌంటరు మీద పడి ఉండే 9 మిల్లీమీటర్ల, 18 మిల్లీమీటర్ల కట్టర్లన్నీ దాని సంతానమే. ఒక చేత్తో గోతం పట్టుకుని, రెండో చేతి బొటనవేలితో బ్లేడు తోసి పురికొస తెంపే గుమస్తాకు స్ప్రింగు లేని లోటు ఏనాడూ తెలియలేదు. దుమ్ము పడితే విదిలిస్తే చాలు. వెంట ఉంచుకోవడానికి ముందుమూతి కత్తి కావాలనే జగ్గయ్యపేట కుర్రాడికి నేను చేతిలో పెట్టేది ఇదే.

చట్టం కూడా అటే మొగ్గుతుంది. 1959 నాటి మన ఆయుధాల చట్టం కేవలం ఇంటి పనికీ వ్యవసాయానికీ చేసిన వస్తువులను ఆయుధాల లెక్కలోంచి తీసేసింది. కొడవలి, కత్తిపీట అలా బయటపడతాయి. ఆ చట్టం కింద వచ్చిన నిబంధనలు తొమ్మిదంగుళాల కంటే పొడవు లేదా రెండంగుళాల కంటే వెడల్పు బ్లేడున్న కత్తులను, ఇంటికీ పొలానికీ పరిశ్రమకూ చేసినవి కాకపోతే, ఆయుధాల పట్టికలో చేర్చాయి. ప్రభుత్వం ప్రాంతాన్ని బట్టి ఇంకా కఠినంగా ఉండొచ్చు. ఢిల్లీలో 1980 నాటి నోటిఫికేషన్ ప్రకారం స్ప్రింగుతోనో బటన్‌తోనో తెరుచుకునే కత్తి బ్లేడు 7.62 సెంటీమీటర్ల పొడవు, 1.72 సెంటీమీటర్ల వెడల్పు ఉంటే చాలు, ఆంక్షల కిందికి వస్తుంది. మీరు గరికపాడు చెక్‌పోస్టు దాటి కోదాడ వైపు వెళ్తే రాష్ట్రం మారుతుంది, రైలెక్కి ఢిల్లీ వెళ్తే నోటిఫికేషనే మారుతుంది. ఆయుధం కిందికొచ్చే కత్తిని విదేశం నుంచి తెప్పించాలంటే పదో సెక్షన్ ప్రకారం లైసెన్సు ఉండాలి. కొనకముందే న్యాయవాదిని అడగడం మంచిది.

ఇక సేకరణ. ఇక్కడ నా మాట పూర్తిగా వేరు. మన దేశంలో ఈ రకం యంత్రాలకు పాత చుట్టాలున్నాయి. పిడిలోని అడ్డకమ్మీలను నొక్కితే బ్లేడు మూడు పాయలుగా విచ్చుకునే కటార్లను మన కమ్మరులు వందల ఏళ్ల కిందటే చేశారు. హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో జహంగీర్ బాకు, నూర్జహాన్ పండ్లు కోసుకున్న కత్తి చూసినవారికి కత్తి మీద ఎంత నైపుణ్యం ఖర్చుపెట్టవచ్చో తెలుసు. ఆధునిక ముందుమూతి కత్తి ఆ వరసలో నిలబడదగిన వస్తువు. 1994లో ఆంథొనీ మార్ఫియోన్ అమెరికాలో మైక్రోటెక్ సంస్థ మొదలుపెట్టాక, కంప్యూటరు నడిపే మిల్లింగ్ యంత్రాల చలవతో ఈ కత్తుల భాగాల కొలతలు చాలా కచ్చితంగా కుదరసాగాయి.

అమెరికాలోనో ఇంకెక్కడో చట్టం ఒప్పుకునే చోట ఉండి సేకరించే మనవాళ్లు మొదట చూడాల్సింది గడియను. బ్లేడు తెరిచి మొన వైపు కాకుండా వెడల్పు పక్కల పట్టుకుని మెల్లగా కదిపితే కొద్దిగా ఆడుతుంది. జారే బ్లేడుకు కాలువలో ఆ మాత్రం ఖాళీ ఉండి తీరాలి, అది లోపం కాదు. ముందుకూ వెనక్కూ ఆడితే మాత్రం గడియ సరిగ్గా పట్టడం లేదని అర్థం. తర్వాత మీట. పదిసార్లు తెరిచి మూస్తే పదిసార్లూ ఒకే బరువు తెలియాలి, బ్లేడు ఒక్కసారి కూడా మధ్యలో ఆగకూడదు. స్టీలు సంగతికొస్తే, డి2లో క్రోమియం సుమారు 12 శాతం, పదును నిలుస్తుంది కానీ మచ్చ పడుతుంది. ఎం390లో 20 శాతం, తుప్పును బాగా ఆపుతుంది, సానపట్టడం కష్టం. బీరువాలో దాచే కత్తికి, తేమ ఎక్కువున్న ఊళ్లో అయితే, రెండోదే మేలు. దాచేటప్పుడు బ్లేడును లోపలే ఉంచి, పిల్లల చేతికి అందని చోట తాళం వెయ్యండి. తోలు ఒరలో మాత్రం వద్దు, తోలు తేమను పట్టి ఉంచి స్టీలును తినేస్తుంది.