వినడమూ నేర్వవలసిన పనే

దేవనహళ్ళి అంటే పైవూళ్ళవారికి యిప్పుడు విమానాలే జ్ఞాపకం. 2008 లో విమానాశ్రయం రాకముందు యీ వూరికున్న ప్రసిద్ధి అంతా టిప్పు సుల్తాను పుట్టిన చోటని, చకోత పండ్లు బాగుంటాయని. అంతకు యెన్నో తరాల ముందునుంచే యిక్కడ తెలుగిళ్ళు వున్నాయి. యింట్లో తెలుగు, వీధిలో కన్నడం, ఆఫీసులో రెండూ కలిపి, నడుమ కాస్త ఇంగ్లీషు. జ్వరమో దగ్గో అయితే డాక్టరుకు కన్నడంలో చెప్పుకొని మందు తెచ్చుకుంటాం, చిక్కేమీ లేదు. మనసు బాగాలేనప్పుడే తంటా అంతా. అప్పుడు నోటికి వచ్చేది అమ్మ దగ్గర నేర్చిన మాటే.

రెండేళ్ళ కిందట మా చిన్నాయన పోయాడు. ఆ తర్వాత పిన్నమ్మకు నిద్ర లేదు, అన్నం సయించదు. గుండెల మీద బండ పెట్టినట్టుందని అనేది. ఇ.సి.జి. తీయించాం, రక్తం పరీక్ష చేయించాం. అన్నీ సరిగ్గానే వున్నాయన్నారు. వొక ఆసుపత్రిలో కౌన్సెలరు దగ్గరికి పంపారు. చిన్నపిల్ల, మర్యాదగానే కూచోబెట్టింది. ముందొక ఫారం వున్నది. ప్రశ్న అడగడం, గడిలో గుర్తు పెట్టడం, మళ్ళీ ప్రశ్న. పది నిమిషాల్లో పని ముగిసింది. ధైర్యంగా వుండండి, గుడికి వెళ్ళండి, టి.వి. చూడండి అని కన్నడంలో చెప్పి పంపింది. బయటికి వచ్చాక పిన్నమ్మ, "పాపం, ఆ పిల్ల రాసుకుంటూ వుంది నాయనా, అడ్డం పోవడమెందుకని వూరుకున్నా" అన్నది.

ఆ పిల్ల మీద మాకు కోపం లేదు. యెప్పుడో వొక కోర్సు చదివిందట, సర్టిఫికెట్టు గోడకు వేలాడుతున్నది. ఆ తర్వాత ఆమె పని యెలా చేస్తున్నదో పక్కన కూచొని చూసినవారు లేరని మాటల్లో తెలిసింది. మా ఆఫీసులో కంప్యూటరు పద్ధతి మారినప్పుడు మూడుమార్లు పిలిచి నేర్పారు. కాగితాలు చూసుకునే గుమాస్తాలకే అంత వుంటే, మనుషుల దుఃఖం చూసుకునేవారికి మరెంత వుండాలి? చెవులున్నాయి గదా, వినడానికి శిక్షణ యెందుకని అడిగేవారు వుంటారు. మేమూ అలాగే అనుకునేవాళ్ళం.

యీ విద్యకు పెద్ద బడి మన వూరికి సుమారు నలభై కిలోమీటర్లలోనే వున్నది. బెంగుళూరు మానసిక ఆసుపత్రిని ఆధారం చేసుకొని 1954 లో అఖిల భారత మానసిక ఆరోగ్య సంస్థ యేర్పడింది. దాని మొదటి డైరెక్టరు డాక్టరు ఎం.వి. గోవిందస్వామి. రోగులను చూడడంతోపాటు వైద్యులకూ, మనస్తత్వ శాస్త్రజ్ఞులకూ, నర్సులకూ చదువు చెప్పడం కూడా సంస్థ పని అయింది. 1974 లో ఆసుపత్రీ సంస్థా కలిసి నిమ్‌హాన్స్ అయ్యాయి.

కాని చదువు పట్నంలో, రోగి పల్లెలో. దేశంలో వున్న కొద్దిమంది మానసిక వైద్యులూ వూరూరా తిరగగలరా? 1975 లో డాక్టరు ఆర్.ఎల్. కపూర్ ఆధ్వర్యంలో నిమ్‌హాన్స్‌లో సామాజిక మానసిక వైద్య విభాగం మొదలైంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరుకూ, యింటింటికీ తిరిగే ఆరోగ్య కార్యకర్తకూ కావలసినంత నేర్పితే చాలదా అని సకలవార పల్లె కేంద్రంలో ప్రయత్నించి చూశారు. 1985 లో దానినే బళ్ళారి జిల్లా అంతటా నడిపించారు. బళ్ళారిలో తెలుగు యెంత వినబడుతుందో మనవారికి చెప్పనక్కరలేదు. అక్కడ చేసింది గొప్ప ఆర్భాటమేమీ కాదు. డాక్టర్లకూ కార్యకర్తలకూ కొద్దిరోజుల శిక్షణ, అవసరమైన ఆరు మందులు, వొక సులువైన రిజిస్టరు, నెలనెలా విచారణ. రిజిస్టరు మాట వినగానే మాకు ఆ పథకం మీద గౌరవం కలిగింది, మా వృత్తి అటువంటిది మరి. అయితే అసలు బలం నెలనెలా విచారణలో వున్నదని మా అభిప్రాయం. నేర్పి వదిలేయక, నేర్చినది యేమైందని మళ్ళీ మళ్ళీ అడిగారు.

1996 లో బళ్ళారి నమూనా మీదనే జిల్లా మానసిక ఆరోగ్య పథకం నాలుగు రాష్ట్రాల్లో మొదలైంది. ఆంధ్రప్రదేశ్‌లో మెదక్ జిల్లాను తీసుకున్నారు. పథకం పెరిగింది గాని, శిక్షణ పొందిన డాక్టరుకు బదిలీ అయితే నేర్పిన విద్య కూడా ఆయన పెట్టెలోనే పోతుంది గదా! 2015–16 లో జరిగిన జాతీయ సర్వేలో, జబ్బును బట్టి నూటికి 70 నుంచి 92 మంది దాకా చికిత్స అందనివారే అని తేలింది.

2014 నుంచి నిమ్‌హాన్స్ వారు వేరొక దారి పట్టారు. అమెరికాలోని న్యూమెక్సికోలో డాక్టరు సంజీవ్ అరోరా 2003 లో కాలేయవ్యాధి కోసం ప్రారంభించిన పద్ధతి అది. జిల్లాలో వున్న డాక్టరు తన కుర్చీలోంచే తెర మీద పెద్ద వైద్యులకు కనబడి, తాను చూస్తున్న రోగి సంగతి చెప్పి, అందరితో చర్చించి నేర్చుకుంటాడు. బదిలీ అయినా ఆ కూటం వదలదు. 2022 అక్టోబరు 10 న మొదలైన టెలిమానస్ ఫోను సేవలో కౌన్సెలర్లకు కూడా శిక్షణ యిచ్చి కూచోబెట్టారు. 14416 కు ఫోను చేస్తే తెలుగులో మాట్లాడవచ్చు.

మళ్ళీ మా పిన్నమ్మ దగ్గరికి వస్తాం. మా వీధి ఆశా కార్యకర్త టీకాల లెక్కకు వచ్చినప్పుడు యీమెను చూసింది. పుస్తకం మూసి సంచీలో పెట్టి, అరుగు మీద కూచొని, "రాత్రి యే జామున మెలకువ వస్తుందమ్మా?" అని వచ్చీరాని తెలుగులో అడిగింది. అడిగి వూరుకుంది. పిన్నమ్మ చాలాసేపు యేమీ అనలేదు, ఆమె కూడా తొందర చేయలేదు. తర్వాత మొదలైన మాటలు పొద్దుగూకేదాకా ఆగలేదు. "మొదట సలహా చెప్పొద్దని మాకు ట్రైనింగులో నేర్పారన్నా, యీ మధ్యనే మళ్ళీ పిలిచి ఆడించి చూపించారు" అని ఆమె మాతో అన్నది. తానే వెంటబెట్టుకొని సర్కారు ఆసుపత్రి డాక్టరుకు చూపించింది. మందు పడింది. యిప్పుడు పిన్నమ్మ రాత్రి అయిదు గంటలు నిద్రపోతున్నది.

అయితే ఆమె వొక చిక్కు చెప్పింది. శిక్షణ అంతా కన్నడంలో, పుస్తకమూ కన్నడంలోనే. పిన్నమ్మ మొదటిరోజు "దిగులుగా వుంది" అంటే, యేదో భయపడుతున్నదని రాసుకున్నదట. కన్నడంలో దిగిలు అంటే హడలు. మన దిగులు వేరు, బెంగ వేరు, భయం వేరు. వొక్క అక్షరం తేడాలో వొక మనిషి బాధ వేరే గడిలో పడిపోయింది. ఫారం నింపిన ఆ పిల్ల గడిలో యేమి పడిందో!

యిది విని మా సంఘంలో నలుగురం కూచొని, మన పెద్దవాళ్ళు బాధ చెప్పుకునే మాటలు పోగుచేస్తున్నాం. మనసు కలత, గుండె దడ, వొళ్ళు తూలడం, చావురాకూడదా అనడం, యిట్లా. చివరిది వినబడితే వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళాలని ఆశా అక్క యెర్రసిరాతో గీత గీయించింది. యిప్పటికి నలభై మాటలైనాయి, పక్కన కన్నడం రాశాం. "బెంగ" దగ్గర ఆగిపోయాం. సరిపోయే కన్నడం మాట మాలో యెవరికీ తోచలేదు. తోచినవారు సంఘం ఆఫీసుకు వొక కార్డు రాయవలెనని మనవి.