సోదర ధర్మం, మౌన వ్రతం

అమెరికా కాలేజీ ఫ్రెటర్నిటీలు సేవకు, క్రమశిక్షణకు ప్రమాణం చేయిస్తాయి. ఆ ప్రమాణానికి అసలు పరీక్ష కొత్తగా చేరిన కుర్రాడు ఆపదలో పడినప్పుడే ఎదురవుతోంది

గ్రీకు భాషలో ఒక్క ముక్క రాకపోయినా గ్రీకు అక్షరాలున్న టీషర్టును గర్వంగా తొడుక్కు తిరిగే కుర్రాళ్లు అమెరికా క్యాంపస్‌లలో తరచూ కనిపిస్తారు. ఆల్ఫా, బీటా, సిగ్మా - ఏ కూర్పు అయినా చెప్పేది ఒకటే: ఇతను ప్రమాణం చేసి చేరిన ఓ సోదర బృందంలో సభ్యుడు. మన కాలేజీల్లో విద్యార్థి సంఘం సభ్యత్వ రశీదు తీసుకున్నంత తేలిక కాదిది. ముందు ఆహ్వానం అందాలి. కొన్ని వారాలపాటు సంస్థ చరిత్ర, నియమాలు నేర్చుకోవాలి. చివరకు రహస్యంగా జరిగే కార్యక్రమంలో ప్రమాణం చేయాలి. ఆపైన చందా కట్టాలి, సమావేశాలకు హాజరు కావాలి, మార్కులు తగ్గకుండా చూసుకోవాలి, సేవా కార్యక్రమాలకు సమయం ఇవ్వాలి. డిగ్రీ చేతికొచ్చినా బంధం తెగదు. ఉద్యోగాల వేటలో పాత సభ్యుడి సిఫారసు దొరకడమూ ఈ బంధం ఆకర్షణల్లో ఒకటి.

ఈ సంప్రదాయం దాదాపు అమెరికా దేశమంత పాతది. 1776 డిసెంబర్ 5న వర్జీనియాలోని విలియం అండ్ మేరీ కాలేజీ విద్యార్థులు ఫై బీటా కప్పా అనే రహస్య సంఘాన్ని స్థాపించారు. గ్రీకు నినాదంలోని తొలి అక్షరాలనే పేరుగా పెట్టుకోవడం, సంకేత కరచాలనం వంటివి దానితోనే మొదలయ్యాయి. తర్వాత అది ప్రతిభావంతుల గౌరవ సంఘంగా మారింది. 1825లో న్యూయార్క్ రాష్ట్రంలోని యూనియన్ కాలేజీలో కప్పా ఆల్ఫా సొసైటీ పుట్టాక ఇప్పుడు మనం చూస్తున్న తరహా ఫ్రెటర్నిటీలు వేళ్లూనుకున్నాయి. అయితే సోదరభావం గురించి ఎంత చెప్పినా చాలా సంఘాల తలుపులు దీర్ఘకాలం శ్వేతజాతి యువకులకే తెరుచుకునేవి.

తలుపు మూస్తే కొత్త ఇల్లు

ఆ మూసిన తలుపులే మరో చరిత్రకు కారణమయ్యాయి. 1906 డిసెంబర్ 4న కోర్నెల్ యూనివర్సిటీలో ఏడుగురు నల్లజాతి విద్యార్థులు ఆల్ఫా ఫై ఆల్ఫాను ప్రారంభించారు. వారికి సోదరభావమంటే సాయంత్రం కాలక్షేపం కాదు, ఒంటరితనాన్ని తట్టుకుని చదువు పూర్తి చేయడానికి ఆసరా. అందుకే ఆ సంస్థ విధుల జాబితాలో సమాజం కూడా చేరింది. హైస్కూలుకు, కాలేజీకి వెళ్లమని నల్లజాతి పిల్లలను ప్రోత్సహించడం, ఓటరుగా నమోదు చేయించడం సభ్యుల పనులయ్యాయి. పాఠశాలల్లో జాతి విభజనకు వ్యతిరేకంగా 1954లో సుప్రీంకోర్టులో చరిత్రాత్మక విజయం సాధించిన న్యాయవాది థర్‌గుడ్ మార్షల్ ఈ సంస్థ సభ్యుడే. మార్టిన్ లూథర్ కింగ్ బోస్టన్‌లో చదువుతుండగా 1952లో చేరారు. కింగ్‌కు వాషింగ్టన్‌లో స్మారకం నిర్మించాలని 1980లలో ప్రతిపాదించిందీ ఈ సంస్థే. 1996లో అమెరికా కాంగ్రెస్ అనుమతి దక్కింది. 2011లో స్మారకం ప్రారంభమైంది. 'జీవితాంత సభ్యత్వం' అంటే ఏమిటో చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు.

దక్షిణాసియా కుటుంబాల పిల్లలూ 1990లలో ఇదే బాట పట్టారు. 1998లో ఆస్టిన్‌లోని టెక్సస్ యూనివర్సిటీలో మొదలైన డెల్టా ఎప్సిలాన్ సై అలాంటిదే. ఇంట్లో ఒక సంస్కృతి, క్యాంపస్‌లో మరో సంస్కృతి మధ్య పెరిగిన కుర్రాళ్లకు ఇలాంటి సంఘాలు తమ వాళ్లనిపించాయి.

పీడించేవాడూ సోదరుడే

అయితే ఇదే బంధానికి ఓ చీకటి కోణం ఉంది. దాని పేరు హేజింగ్. మన ర్యాగింగ్‌కు దగ్గరి చుట్టం. తేడా ఒక్కటే: ఇక్కడ జూనియర్ సీనియర్ నుంచి తప్పించుకోవాలని చూస్తాడు. అక్కడ కొత్త కుర్రాడు లోపలికి రావాలనే ఆశతో భరిస్తాడు. నిరుడు తాను పడ్డ బాధను ఈ ఏడాది ఇంకొకరికి పంచడం 'సంప్రదాయం' అవుతుంది. బయటికి చెబితే ద్రోహం. ప్రధాన నల్లజాతి ఫ్రెటర్నిటీలు, సొరోరిటీలు 1990లో పాత ప్రవేశ పద్ధతిని ఉమ్మడిగా రద్దు చేసినా చాటుమాటు వేధింపులు ఆగలేదు.

2017 ఫిబ్రవరిలో పెన్ స్టేట్ యూనివర్సిటీ ఘటన దేశాన్ని కుదిపేసింది. కొత్త సభ్యుల స్వాగత రాత్రి పూటుగా తాగించిన 19 ఏళ్ల విద్యార్థి మెట్ల మీది నుంచి పడిపోయాడు. చుట్టూ 'సోదరులు' ఉన్నా దాదాపు 12 గంటలపాటు ఎవరూ అంబులెన్సును పిలవలేదు. అతడు బతకలేదు. మరుసటి ఏడాది పెన్సిల్వేనియా రాష్ట్రం ప్రాణం తీసే, తీవ్రంగా గాయపరిచే హేజింగ్‌ను పెద్ద నేరంగా మార్చింది. బాధితుడు ఒప్పుకున్నాడన్న వాదన చెల్లదని పలు రాష్ట్రాల చట్టాలు చెబుతున్నాయి.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1997లోనే ర్యాగింగ్ నిషేధ చట్టం చేసింది. 2009 నుంచి యూజీసీ నిబంధనలు విద్యార్థితోపాటు తల్లిదండ్రుల నుంచీ హామీ పత్రం కోరుతున్నాయి. అమెరికాలో మాత్రం జాతీయ స్థాయి చట్టం కోసం 2024 డిసెంబర్ దాకా ఆగాల్సి వచ్చింది. దాని ప్రకారం కాలేజీలు హేజింగ్ ఘటనల లెక్కలు చెప్పాలి, నిబంధనలు ఉల్లంఘించిన సంఘాల పేర్లు బయటపెట్టాలి.

రహస్యమే పునాదిగా నిలిచిన సంస్థలకు ఇది చిన్న మార్పేమీ కాదు. సాటి సభ్యుడి తప్పును కప్పిపుచ్చడమే విధేయత అనుకున్నన్నాళ్లూ ప్రమాణాల్లోని పెద్ద మాటలకు విలువ ఉండదు. అదే సభ్యుడు ఫోన్ తీసి సాయం కోరితే ఒక ప్రాణం నిలుస్తుంది. ఈలోగా, కొడుకు గ్రీకు అక్షరాల టీషర్టు కొనుక్కునే ముందు కాలేజీ వెబ్‌సైట్‌లోని ఆ జాబితాను ఒకసారి తిరగేసే వీలు తల్లిదండ్రులకు దక్కింది.