ఏథెన్స్ వాతావరణం, సందర్శన

ఏథెన్స్ గ్రీసు దేశ రాజధాని. 1834లో రాజధానిగా మారిన ఈ ప్రాచీన నగరం మూడు వైపుల కొండలు, నైరుతి దిక్కున సరోనిక్ సింధుశాఖ గల మైదానంలో ఉన్నది.

వాతావరణం

ఇక్కడిది మధ్యధరా శీతోష్ణస్థితి. వేసవిలో ఉప ఆయనరేఖా అధిక పీడన మండలం ఉత్తరానికి జరిగి ఈ ప్రాంతాన్ని ఆవరించుట వలన వర్షం చాలా అరుదు. శీతాకాలంలో పశ్చిమ పవనాలతో వచ్చే అల్పపీడనాలు వర్షాన్నిస్తాయి. వార్షిక వర్షపాతం సుమారు 400 మి.మీ. మాత్రమే. వేసవిలో మెల్టెమి అనే ఉత్తరపు గాలులు వేడిని కొంత తగ్గిస్తాయి. అవి వీచనప్పుడు కొండల నడుమ వేడి నిలిచిపోతుంది. 1977 జూలై 10న నగర సమీపంలోని ఎలిఫ్సీనాలో 48 డిగ్రీల సెల్సియస్ ఉష్ణోగ్రత నమోదయినది.

సందర్శన

నగరంలో ముఖ్య దర్శనీయ స్థలం అక్రోపోలిస్ కొండ. దీనిపై గల పార్థెనాన్ ఆలయాన్ని క్రీ.పూ. 447 - 432 మధ్య నిర్మించారు. 1987లో ఈ కొండ ప్రపంచ వారసత్వ ప్రదేశంగా గుర్తింపు పొందినది. సున్నపురాతి కొండ శిఖరంపై నీడ లేదు. అందువలన 2023, 2024, 2025 వేసవులలో వడగాడ్పుల సమయంలో మధ్యాహ్నం కొన్ని గంటలపాటు సందర్శన నిలిపివేశారు.

సందర్శనకు ఏప్రిల్, మే, అక్టోబరు నెలలు అనుకూలం. వేసవిలో వెళ్ళేవారు ఉదయమే కొండ ఎక్కి, ఎండ ముదిరిన తరువాత దిగువన 2009లో ప్రారంభమైన అక్రోపోలిస్ మ్యూజియంను చూడవచ్చు. ఎరెక్థియాన్ ఆలయపు స్త్రీమూర్తి స్తంభాలలో ఐదింటి అసలు శిల్పాలు అక్కడే ఉన్నాయి. కొండపై ఉన్నవి నకళ్ళు. శీతాకాలంలో రద్దీ తక్కువే గాని, వానకు తడిసిన నునుపు రాళ్ళపై జాగ్రత్తగా నడవాలి.