పేగు వాపే క్రిమికి మేత
గద్వాల: 2022 జులైలో గద్వాల పట్టణంలో కలుషిత నీటి వల్ల అతిసారం ప్రబలింది. వానాకాలం వస్తే వనపర్తి, నాగర్‌కర్నూల్ పల్లెలకూ ఇదే భయం. నీటితో కడుపులో చేరే కొద్దిపాటి క్రిములు, అక్కడ కోట్లలో ఉండే మేలుచేసే బ్యాక్టీరియాను తోసిరాజని ఎలా పాతుకుపోతాయి?

ప్రాణవాయువు అంతగా లేని పేగులో మేలు బ్యాక్టీరియా పీచు పదార్థాలను పులియబెట్టుకొని జీవిస్తుంది. ఈ పోటీలో నెగ్గేందుకు సాల్మొనెల్లా క్రిమి పేగు గోడకు వాపు తెప్పిస్తుంది. దానిని ఎదుర్కొనే తెల్లరక్తకణాలు వెలువరించే రసాయనాలు, పేగులోని గంధక పదార్థాన్ని టెట్రాథయోనేట్‌గా మారుస్తాయి. ఆ క్రిమి ప్రాణవాయువుకు బదులు దానితోనే శ్వాసించి విస్తరిస్తుంది. అమెరికా శాస్త్రవేత్తలు ఎలుకలపై ప్రయోగాలతో 2010లో ఈ సంగతి వెల్లడించారు.

సొంత వైద్యంతో ముప్పు

యాంటీబయాటిక్‌లతో మేలు బ్యాక్టీరియా నశిస్తే, పేగు జిగురు నుంచి విడివడిన చక్కెరలు మిగిలి సాల్మొనెల్లాకు ఆహారమవుతాయని 2013లో ఎలుకలలోనే తేలింది. కనుక విరేచనాలు కాగానే మందుల దుకాణంలో ఈ మాత్రలు అడిగి కొనడం తగదు. వెంటనే ఓఆర్‌ఎస్ ద్రావణం తాగించాలి. రక్త విరేచనాలు, తీవ్ర నీరసం, జ్వరం ఉంటే వైద్యుని సంప్రదించాలి. కాచి చల్లార్చిన నీరు తాగితే నీటి ద్వారా క్రిమి చేరే ముప్పు బాగా తగ్గుతుంది.