సాహసం – కాలం

కృష్ణా డెల్టా రైతుకు వరి నమ్మకమైన పంట. రొయ్యల సాగులో లాభమూ నష్టభయమూ రెండూ అధికం. 1990ల ఆరంభంలో తీరగ్రామాల రైతులు అనేకులు వరిచేలను చెరువులుగా మార్చారు. 1994-95లో తెల్లమచ్చల వ్యాధి సోకి రొయ్యలు చనిపోగా, అప్పులపాలైనవారు వెనుకంజ వేశారు. 2009లో వనామీ రకం పెంపకానికి అనుమతి లభించిన పిదప సాగు తిరిగి విస్తరించింది. మారినది రైతు స్వభావమా, పరిస్థితులా?

లాభనష్టాలు సమానమైనప్పుడు లాభమిచ్చే సంతోషం కన్నా నష్టం కలిగించే బాధయే అధికమని 1979లో కానెమన్, ట్వెర్‌స్కీ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు వివరించారు. ఆ బాధ తీవ్రత కాలంతోపాటు మారవచ్చు. అందుచేత ఒకనాటి ఎంపికనుబట్టి రైతును పిరికివాడనో సాహసియనో నిర్ణయించరాదు. ఏటేటా అతని ఎంపికలను, చేతిలోని సొమ్మును, అప్పును, గత అనుభవాన్ని కలిపి లెక్కించిన నమూనాయే స్వభావాన్ని పరిస్థితులనుండి వేరుచేసి చూపగలదు.